న్యూజెర్సీలో స్కూల్ సూపరింటెండెంట్ జీతం, కాంట్రాక్టు ఎవరి చేతిలో ఉన్నాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీలో ఇల్లు కొనేటప్పుడు మన కుటుంబాలు ముందుగా ఆరా తీసేది ఆ ఊరి బడుల గురించే. కొన్నాక ఆస్తిపన్ను బిల్లు చేతికి వచ్చి, అందులో దాదాపు సగం ఆ బడులకే పోతోందని తెలిసిన తరువాత ఇంకో ప్రశ్న పుడుతుంది: ఈ వ్యవస్థకంతటికీ పైన ఉన్న సూపరింటెండెంట్‌కు జీతమెంత, దాన్ని ఖాయం చేసింది ఎవరు? ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో వంటి చోట్ల ఉండే తెలుగువారి నుంచి నాకు పదేపదే ఎదురైన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. చట్టం చెప్పేదాన్ని చట్టంగానూ, నా అభిప్రాయాన్ని అభిప్రాయంగానూ వేరుగా చెప్పడానికి ప్రయత్నించాను. ఇవి న్యాయవాది ఇచ్చే సలహా కావు.

సూపరింటెండెంట్ అంటే మన జిల్లా విద్యాశాఖాధికారి వంటివారేనా?

చేసే పనిలో కొంత పోలిక ఉన్నా ఉద్యోగ స్వభావం పూర్తిగా వేరు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా డీఈఓ రాష్ట్ర ప్రభుత్వోద్యోగి. ఆయన జీతం పీఆర్సీ స్కేళ్లను బట్టి నడుస్తుంది, బదిలీ ఉత్తర్వు రాజధాని నుంచి వస్తుంది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని గేటు మీద రాసి ఉన్నంత మాత్రాన అక్కడి హెడ్మాస్టరు జీతాన్ని జిల్లా పరిషత్ సభ్యులు కూర్చుని బేరమాడి తేల్చరు. న్యూజెర్సీలో అచ్చంగా ఆ బేరమే జరుగుతుంది. ఈ చిన్న రాష్ట్రంలో దాదాపు 600 స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక ఊరి లేదా కొన్ని ఊళ్ల బడులను నడిపే స్థానిక విభాగాలు ఉన్నాయి. ప్రతి డిస్ట్రిక్టుకూ సొంత బోర్డు, ఆ బోర్డుతో కాంట్రాక్టు కుదుర్చుకున్న సూపరింటెండెంట్ ఉంటారు (కొన్ని చిన్న డిస్ట్రిక్టులు ఒకరినే పంచుకుంటాయి). అందువల్ల రోడ్డుకు ఇవతలి ఊళ్లో ఒక జీతం, అవతలి ఊళ్లో ఇంకో జీతం ఉండడం ఇక్కడ వింతేమీ కాదు.

పేరు వల్ల మరో తికమక ఉంది. కౌంటీ ఎగ్జిక్యూటివ్ సూపరింటెండెంట్ అనే పదవి కూడా ఉంది, కానీ ఆయన ఊరి ఉద్యోగి కాదు. రాష్ట్ర విద్యాశాఖ తరఫున 21 కౌంటీల్లో పనిచేసే అధికారి. ఊరి బోర్డు రాసుకున్న కాంట్రాక్టును పరిశీలించేది ఆయనే కనుక, ఈ ఇద్దరినీ వేరుగా గుర్తుపెట్టుకుంటే తక్కిన సమాధానాలు తేలికగా అర్థమవుతాయి.

జీతాన్ని, కాంట్రాక్టును ఆమోదించే అధికారం ఎవరిది?

ఊరి స్కూల్ బోర్డుది. చాలా చోట్ల బోర్డులో 9 మంది సభ్యులు ఉంటారు, వారి పదవీకాలం మూడేళ్లు, వారికి జీతం ఉండదు. ఎక్కువ డిస్ట్రిక్టుల్లో సభ్యులను ఓటర్లు ఎన్నుకుంటారు, కొన్నింటిలో మేయర్ నియమిస్తారు. సూపరింటెండెంట్ నియామకానికి ఆ రోజు సమావేశానికి వచ్చినవారిలో మెజారిటీ వస్తే చాలదు. మొత్తం సభ్యత్వంలో మెజారిటీ కావాలి, పేరుపేరునా ఓటు నమోదు కావాలి. అంటే 9 మంది ఉన్న బోర్డులో సమావేశానికి ఆరుగురే వచ్చినా అయిదు ఓట్లు పడాల్సిందే. కాంట్రాక్టు కాలం మూడేళ్లకు తగ్గకూడదు, అయిదేళ్లకు మించకూడదు.

ఒకప్పుడు సూపరింటెండెంట్లకూ ఉపాధ్యాయుల మాదిరిగా టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగ భద్రత ఉండేది. కొత్తగా చేరేవారికి దాన్ని 1991లో చట్టం ద్వారా తీసేసి, దాని స్థానంలో కాలపరిమితి గల కాంట్రాక్టును పెట్టారు. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ప్రతి చిక్కూ ఆ మార్పు నుంచే మొదలైంది. ఉద్యోగ భద్రత పోయినవారు దానికి బదులు జీతం రూపంలో, షరతుల రూపంలో పరిహారం అడుగుతారు, అడగడం సహజం కూడా.

మరి 2011లో రాష్ట్రం జీతాలకు పరిమితి ఎందుకు పెట్టింది?

దీనికి రెండు మూలాలున్నాయి, రెండింటినీ కలిపి చూడాలి. మొదటిది కీన్స్‌బర్గ్. సముద్ర తీరాన ఉన్న ఈ చిన్న ఊరు సంపన్నమైనది కాదు, దాని బడులు ప్రధానంగా రాష్ట్రం ఇచ్చే సొమ్ము మీదే నడుస్తాయి. 2008లో అక్కడి సూపరింటెండెంట్ పదవీ విరమణ చేయబోతున్నప్పుడు, కాంట్రాక్టు ప్రకారం ఆమెకు అందాల్సిన మొత్తం 7 లక్షల డాలర్లు దాటుతుందని బయటపడింది. అందులో దొంగతనం లేదు, లెక్కల మాయ లేదు. బోర్డు సభ్యులు ఏళ్ల తరబడి చేతులెత్తి ఆమోదించిన షరతులే కూడి అంత మొత్తమయ్యాయి. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది, ప్రభుత్వం ఆ చెల్లింపును ఆపడానికి కోర్టుకు వెళ్లింది. అంతకు ముందే 2007 చట్టాలు కాంట్రాక్టులను కౌంటీ అధికారి పరిశీలనకు తెచ్చాయి. కీన్స్‌బర్గ్ తరువాత విరమణ సొమ్ముపై నిబంధనలు మరింత బిగిశాయి. ఆ నిబంధనలను సూపరింటెండెంట్ల సంఘం సవాలు చేసినా, 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పింది.

రెండో మూలం రాజకీయం. 2010లో గవర్నర్‌గా వచ్చిన క్రిస్ క్రిస్టీ ఆస్తిపన్ను భారాన్ని తన ప్రధాన అంశంగా చేసుకున్నారు. పన్ను వసూలు ఏటా 2 శాతానికి మించి పెరగకూడదన్న చట్టం ఆ ఏడాదే వచ్చింది. గవర్నర్ జీతం అప్పట్లో 1,75,000 డాలర్లు. రాష్ట్రాన్నంతటినీ ఏలే వ్యక్తికన్నా ఒక ఊరి బడుల అధికారికి ఎక్కువ జీతమేమిటన్న వాదన వినడానికి ఎంత సూటిగా ఉందో, ప్రజల్లోకి అంత సులువుగా వెళ్లింది. పరిమితి రాబోతోందని తెలిసి కొన్ని బోర్డులు ముందుగానే కాంట్రాక్టులు పొడిగించడానికి తొందరపడ్డాయి. 2010 నవంబరులో పార్సిపనీ ట్రాయ్ హిల్స్ బోర్డు తన సూపరింటెండెంట్‌కు ఏటా 2 లక్షల డాలర్లకు పైబడిన జీతంతో అయిదేళ్ల కాంట్రాక్టును ఆమోదించింది, గవర్నర్ దానిపై బహిరంగంగానే విరుచుకుపడ్డారు, రాష్ట్ర విద్యాశాఖ ఒప్పుకోలేదు, వివాదం కోర్టుల దాకా నడిచింది. ఊరి బోర్డుకూ రాష్ట్రానికీ మధ్య గీత ఎక్కడుందో చాలామంది మొదటిసారి గమనించింది అప్పుడే.

ఆ పరిమితి ఎంత? అందరికీ ఒకటేనా?

ఒకటి కాదు, విద్యార్థుల సంఖ్యను బట్టి మెట్లుగా ఉండేది. 2011 ఫిబ్రవరి 7 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం 250 మంది లోపు విద్యార్థులున్న డిస్ట్రిక్టులో 1,25,000 డాలర్లు, 750 వరకు 1,35,000, 1,500 వరకు 1,45,000, 3,000 వరకు 1,55,000, 6,500 వరకు 1,65,000, 10,000 వరకు 1,75,000. అంతకన్నా పెద్ద డిస్ట్రిక్టులకు రాష్ట్ర విద్యా కమిషనర్ విడిగా నిర్ణయించేవారు. ఉన్నత పాఠశాల కూడా ఉంటే మరో 2,500 డాలర్లు చేరేవి. ముందే నిర్ణయించిన లక్ష్యాలు సాధిస్తే బోనసు ఇవ్వవచ్చు: అంకెలతో కొలవగల లక్ష్యాలు మూడు వరకు, ఒక్కొక్కదానికి జీతంలో 3.33 శాతం, అంకెల్లో కొలవలేనివి రెండు వరకు, ఒక్కొక్కదానికి 2.5 శాతం. అన్నీ కూడితే 14.99 శాతం, అంటే సరిగ్గా 15 కాకుండా ఆపారన్నమాట. అప్పటికే అమల్లో ఉన్న కాంట్రాక్టుల జోలికి పోలేదు, అవి ముగిసి కొత్తవి రాసుకునేటప్పుడే పరిమితి వర్తించింది.

పరిమితి వల్ల డబ్బు ఆదా అయిందా, బడులకు నష్టం జరిగిందా?

రెండూ జరిగాయని నా అభిప్రాయం, కానీ ఆదా చిన్నది, నష్టం పరోక్షంగా వచ్చింది. ఒక లెక్క చూడండి. 3,000 మంది విద్యార్థులున్న డిస్ట్రిక్టులో సూపరింటెండెంట్ జీతం 30,000 డాలర్లు తగ్గించారనుకుందాం, అది తలా 10 డాలర్లు. ఒక్కో విద్యార్థి మీద ఏటా వేల డాలర్లు ఖర్చుపెట్టే చోట ఇది పన్ను బిల్లులో కంటికి కనబడదు.

నష్టం వేరే రూపాల్లో వచ్చింది. పరిమితి సూపరింటెండెంట్ ఒక్కరికే వర్తించింది, కింది అధికారులకు వర్తించలేదు. దాంతో కొన్ని చోట్ల అసిస్టెంట్ సూపరింటెండెంట్లు, అనుభవం గల ప్రిన్సిపాళ్లు తమ పైఅధికారికన్నా ఎక్కువ తీసుకునే పరిస్థితి వచ్చింది. పై పదవికి వెళ్తే జీతం తగ్గుతుందంటే ఎవరు దరఖాస్తు చేస్తారు? కాంట్రాక్టు ముగిసే నాటికి జీతం పడిపోతుందని తెలిసినవారు కొందరు పదవీ విరమణ చేశారు, కొందరు న్యూయార్క్, పెన్సిల్వేనియా వైపు వెళ్లారు. నదికి అవతల ఈ పరిమితి లేదు, కొందరికి అది ఇంటి నుంచి అరగంట ప్రయాణం. ఖాళీ అయిన కుర్చీల్లో తాత్కాలిక సూపరింటెండెంట్లు కూర్చున్నారు. వారిలో చాలామంది పింఛను తీసుకుంటున్న విశ్రాంత అధికారులే, నిబంధనల ప్రకారం ఒక చోట రెండేళ్లకు మించి ఉండలేరు. అలా ఒక ఊళ్లో మూడు నాలుగేళ్లలో ముగ్గురు మారితే పాఠ్యప్రణాళిక, ప్రిన్సిపాళ్ల నియామకం, బాండ్ల సొమ్ముతో చేపట్టిన నిర్మాణ పనులు అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

అయినా ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. పక్క ఊరు ఇంత ఇచ్చింది కనుక మనమూ ఇంత ఇవ్వాలన్న పోటీలో జీతాలు పాకుతూ పోవడం నిజం, ఆ పోటీకి కళ్లెం లేదన్న కోపమూ నిజం. పట్టుకున్న పనిముట్టు తప్పు, ఫిర్యాదు తప్పు కాదు.

పరిమితి ఎప్పుడు, ఎలా పోయింది?

రెండు అడుగుల్లో. ముందుగా 2017లో క్రిస్టీ పాలనలోనే రాష్ట్రం మెట్లను మూడుకు కుదించి పెంచింది: 750 మందికి లోపు ఉంటే 1,47,794 డాలర్లు, 3,000కు లోపు ఉంటే 1,69,689, ఆ పైన 1,91,584. తరువాత 2019 జూలై 19న గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకం చేసిన చట్టం, సూపరింటెండెంట్ జీతానికి గరిష్ఠ పరిమితి విధించే అధికారమే విద్యాశాఖకు లేకుండా చేసింది. నిబంధనను రద్దుచేసి ఊరుకోకుండా మళ్లీ రాసే దారిని కూడా మూశారు. రేపు ఏ గవర్నర్‌కైనా పరిమితి కావాలంటే శాసనసభలో కొత్త చట్టం తేవాల్సిందే.

అంటే ఇప్పుడు బోర్డు ఎంతైనా ఇవ్వవచ్చా?

జీతం అంకె వరకు అవును, షరతుల వరకు కాదు. బోర్డు ఓటు వేసే ముందు కాంట్రాక్టు కౌంటీ ఎగ్జిక్యూటివ్ సూపరింటెండెంట్ వద్దకు వెళ్లాలి, ఆయన ఆమోదం రావాలి. సూపరింటెండెంట్‌తోపాటు అసిస్టెంట్ సూపరింటెండెంట్లు, డిస్ట్రిక్టు జమాఖర్చులు చూసే బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ కాంట్రాక్టులకూ ఇదే దారి. వాడని అనారోగ్య సెలవుకు విరమణ సమయంలో ఇచ్చే సొమ్ము 15,000 డాలర్లకు మించకూడదు. వాడని వార్షిక సెలవును ఏళ్లకేళ్లు పోగేయడానికి వీల్లేదు. అధికారి సొంతంగా కట్టాల్సిన ఆదాయపు పన్నును డిస్ట్రిక్టు సొమ్ముతో కట్టే షరతు చెల్లదు. బోనసు ఇస్తామంటే లక్ష్యాలు ముందుగా కౌంటీ అధికారి అనుమతి పొందాలి, అవి నెరవేరాయా లేదా అన్నదీ ఆయన చూసిన తరువాతే చెల్లించాలి.

ఇప్పటికే ఉన్న కాంట్రాక్టును గడువుకు ముందే మార్చాలన్నా, పొడిగించాలన్నా మరో అడ్డుగోడ ఉంది. బోర్డు కనీసం 30 రోజుల ముందు ప్రజలకు నోటీసు ఇవ్వాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, దానికి కనీసం 10 రోజుల ముందుగా ప్రకటన ఉండాలి, అది పూర్తయ్యేదాకా ఓటు వేయకూడదు. ఇంత పకడ్బందీగా రాసిన ఈ నియమానికి ఉన్న బలహీనత ఒక్కటే, జనం రారు. నేను హాజరైన ఒక ప్రజాభిప్రాయ సేకరణలో నూరు కుర్చీలు వేస్తే వచ్చినవాళ్లం ఏడుగురం, అందులో ఇద్దరు వేరే విషయం మాట్లాడడానికి వచ్చారు.

కాంట్రాక్టులో జీతం అంకె కాక ఇంకేం చూడాలి?

కీన్స్‌బర్గ్ మనకు చెప్పేది ఇదే కనుక, నా మటుకు నేను జీతం ఉన్న పేజీని చివర చదువుతాను. ముందు ఏటా పెంపు ఎలా లెక్కిస్తారో చూడాలి. స్థిరమైన శాతమా, ఉపాధ్యాయుల ఒప్పందంతో ముడిపడిందా, మదింపు బాగుంటేనే ఇస్తారా? 2 లక్షల డాలర్ల జీతం ఏటా 3 శాతం చొప్పున పెరిగితే అయిదో ఏట 2,25,000 దాటుతుంది. మొదటి ఏడాది అంకె మీదే ఊరంతా వాదించుకుంటుంది, అయిదో ఏడాది అంకెను ఎవరూ వేసి చూడరు. ఆ తరువాత సెలవులు, ఏటా ఎన్ని, వాడనివాటికి డబ్బు ఎప్పుడు, ఏ రేటున. ఆరోగ్య బీమాలో ఉద్యోగి వాటా, ఫోను, కారు ఖర్చు, పై చదువుల ఫీజు, సదస్సుల ప్రయాణాలు. వీటిలో ఒక్కటీ విడిగా పెద్దది కాకపోవచ్చు, కూడితే జీతంలో చెప్పుకోదగ్గ భాగం అవుతుంది.

కాంట్రాక్టు గడువు తీరితే ఏమవుతుంది? బోర్డు ఏమీ చేయకపోతే?

చాలామంది తప్పుగా అర్థం చేసుకునే ప్రశ్న ఇది. ఊరికి అన్నిటికన్నా ఖరీదైన ప్రశ్న కూడా ఇదే. బోర్డు ఏమీ చేయకపోతే కాంట్రాక్టు ముగియదు. మళ్లీ నియమించడం లేదని సమయానికి రాతపూర్వకంగా తెలియజేయకపోతే, సూపరింటెండెంట్ అంతకు ముందున్నంత కాలానికే తిరిగి నియమితులైనట్టు చట్టం భావిస్తుంది. అయిదేళ్ల కాంట్రాక్టు నిద్రలోనే మరో అయిదేళ్ల కాంట్రాక్టుగా మారుతుంది.

నోటీసు గడువు కాంట్రాక్టులో ఉన్న ప్రతి ఏడాదికీ 30 రోజులు. మూడేళ్లదైతే 90 రోజులు, నాలుగేళ్లదైతే 120, అయిదేళ్లదైతే 150. ఈ కాంట్రాక్టులు జూలై 1తో ముగుస్తాయి. వెనక్కి లెక్కపెడితే మూడేళ్లదానికి ఏప్రిల్ మొదటి రోజులు, నాలుగేళ్లదానికి మార్చి మొదటి రోజులు, అయిదేళ్లదానికి ఫిబ్రవరి 1 ప్రాంతం చివరి తేదీ అవుతుంది.

ఇప్పుడు దీని పక్కన ఎన్నికల క్యాలెండరును పెట్టి చూడండి. చాలా డిస్ట్రిక్టుల్లో బోర్డు ఎన్నికలు నవంబరులో జరుగుతాయి, గెలిచినవారు జనవరి మొదటి వారంలో ప్రమాణం చేస్తారు. సూపరింటెండెంట్‌ను మారుస్తామని చెప్పి గెలిచిన కొత్త సభ్యులకు, అయిదేళ్ల కాంట్రాక్టు చివరి ఏడాదిలో మిగిలేది సుమారు నాలుగు వారాలు. ఆ నాలుగు వారాల్లో వారికి ఈమెయిల్ ఖాతాలు తెరవాలి, తప్పనిసరి శిక్షణ మొదలవ్వాలి, కమిటీలు ఏర్పడాలి. ఏప్రిల్‌లో ఎన్నికలు జరిపే కొద్దిపాటి డిస్ట్రిక్టుల్లో పరిస్థితి మరీ విచిత్రం, కొత్తవారు కూర్చునే సరికి మూడు గడువులూ దాటిపోయి ఉంటాయి. అందుకే జీతం ఎంతన్న వాదనకన్నా కాంట్రాక్టు ఎన్నేళ్లన్న వాదనే ముఖ్యమని నేను అంటాను. పదివేల డాలర్లు ఎక్కువిచ్చి మూడేళ్లకు రాసుకున్న బోర్డు, పదివేలు తగ్గించి అయిదేళ్లకు రాసుకున్న బోర్డుకన్నా ఊరి చేతిలో ఎక్కువ అధికారాన్ని మిగిల్చినట్టే. దీనికి ఎదురువాదం ఉంది: మంచి అభ్యర్థులు అయిదేళ్ల హామీ అడుగుతారు, బడిలో ఏ మార్పైనా వేళ్లూనడానికి మూడేళ్లు చాలవు. అది కొట్టిపారేయగల వాదన కాదు. అయితే అయిదేళ్లు ఇచ్చే బోర్డు ఆ ఫిబ్రవరి తేదీని క్యాలెండరులో రాసుకుని, అంతకు ముందు శరత్కాలంలోనే చర్చ మొదలుపెట్టాలి.

నచ్చకపోతే మధ్యలోనే తీసేయవచ్చా?

తేలిక కాదు. కాంట్రాక్టు కాలంలో అసమర్థత, అశక్తత, పదవికి తగని ప్రవర్తన లేదా మరేదైనా న్యాయమైన కారణం చూపి, టెన్యూర్ కేసుల మాదిరిగా అభియోగాలు మోపి నిరూపించాలి, లేదంటే తీసేయడానికీ జీతం తగ్గించడానికీ వీల్లేదు. కొత్త బోర్డుకు పాత బోర్డు నిర్ణయం నచ్చకపోవడం న్యాయమైన కారణం కాదు. ఇరువర్గాలూ ఒప్పుకుని విడిపోవచ్చు, అప్పుడు డబ్బు చేతులు మారుతుంది. దానికీ పరిమితి ఉంది: మిగిలిన ప్రతి ఏడాదికీ మూడు నెలల జీతం చొప్పున గరిష్ఠంగా 12 నెలలది, లేదా మిగిలిన కాలపు మొత్తం జీతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. రాష్ట్ర కమిషనర్ పరిశీలన కూడా తప్పదు. ఉద్యోగం చేయని మనిషికి ఏడాది జీతం ఇచ్చి, ఆయన స్థానంలో వచ్చిన తాత్కాలిక అధికారికి మరో జీతం ఇవ్వాల్సి వచ్చినప్పుడు, కాంట్రాక్టు కాలం మీద రాసిన పై సమాధానం గుర్తుకొస్తుంది.

బోర్డు సభ్యులందరూ ఈ విషయంలో ఓటు వేయగలరా?

వేయలేరు. దగ్గరి బంధువు అదే డిస్ట్రిక్టులో ఉద్యోగం చేస్తుంటే ఆ సభ్యులు సూపరింటెండెంట్ ఎంపికలోగానీ, కాంట్రాక్టు చర్చలోగానీ, వార్షిక మదింపులోగానీ పాల్గొనకూడదని రాష్ట్ర స్కూల్ ఎథిక్స్ కమిషన్ చెబుతోంది, ఎందుకంటే ఆ బంధువుకు పైఅధికారి సూపరింటెండెంటే. భార్య బడిలో టీచరు, భర్త బోర్డు సభ్యుడు అన్న పరిస్థితి చిన్న ఊళ్లలో మామూలే. 9 మంది ఉన్న బోర్డులో అలా అయిదుగురు తప్పుకుంటే మిగిలిన నలుగురితో అయిదు ఓట్లు రావు. అప్పుడు అనివార్యత సూత్రం కింద, కారణాన్ని తీర్మానంలో బహిరంగంగా రాసి, తప్పుకున్నవారిని తిరిగి ఓటులోకి తీసుకుంటారు. స్థానిక అధికారం కావాలని అడిగేవారు గమనించాల్సిన చేదు నిజం ఇది: ఊరు ఎంత చిన్నదైతే ఆ అధికారాన్ని నిష్పాక్షికంగా వాడగల చేతులు అంత తక్కువ.

చర్చ తలుపులు మూసి ఎందుకు జరుపుతారు?

వ్యక్తి ఉద్యోగానికి సంబంధించిన చర్చను రహస్య సమావేశంలో జరుపుకోవడానికి బహిరంగ సమావేశాల చట్టం అనుమతిస్తుంది. అయితే తన గురించి అలా చర్చించబోతున్నారని ఆ ఉద్యోగికి ముందుగా తెలియజేయాలి. కావాలనుకుంటే అందరి ముందే చర్చించమని కోరే హక్కు ఆయనకు ఉంది. 1977 నాటి రైస్ అనే కేసు నుంచి వచ్చిన నియమం కనుక దీన్ని రైస్ నోటీసు అంటారు. చర్చ లోపల జరిగినా ఓటు బయటే జరగాలి.

నాకు ఇంకా ఓటు హక్కు లేదు. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవారు, గ్రీన్‌కార్డు ఉన్నవారు ఓటు వేయలేరు, బోర్డుకు పోటీ చేయలేరు. పోటీకి పౌరసత్వం, ఓటరు నమోదు, డిస్ట్రిక్టులో ఏడాది నివాసం కావాలి. కానీ సమావేశానికి వెళ్లడానికి, ప్రజలు మాట్లాడేందుకు కేటాయించిన సమయంలో లేచి మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఆ సమయం కేటాయించడం స్కూల్ బోర్డులకు చట్టరీత్యా తప్పనిసరి. అద్దె ఇంట్లో ఉన్నా ఆ అద్దెలోంచి పన్ను కడుతున్నది మీరే. మన భాష యాసతో ఇంగ్లీషు మాట్లాడితే నవ్వుతారేమోనన్న సంకోచం చాలామందిలో చూశాను. రాసుకొచ్చిన ఒకే ఒక్క ప్రశ్న మూడు నిమిషాల్లో అడిగి కూర్చుంటే సరిపోతుంది, దానికి వాగ్ధాటి అక్కర్లేదు.

కాగితాల సంగతికొస్తే, కాంట్రాక్టు బహిరంగ పత్రం. ఏటా బడ్జెట్‌తోపాటు వెలువరించాల్సిన సులభ బడ్జెట్ సారాంశంలో సూపరింటెండెంట్ కాంట్రాక్టు వివరాలు ఉండాలి. అక్కడ దొరకకపోతే ఓప్రా చట్టం, అంటే మన సమాచార హక్కు చట్టం వంటిది, కింద బోర్డు కార్యాలయానికి దరఖాస్తు పెట్టవచ్చు. మామూలు గడువు ఏడు పనిదినాలు.

జీతం పెరిగితే మా ఆస్తిపన్ను పెరుగుతుందా?

నేరుగా కాదు. పన్ను వసూలుపై 2 శాతం కట్టడి ఉంది కనుక ఒక పద్దులో పెరిగింది సాధారణంగా మరో పద్దులో తగ్గాలి.

రాష్ట్రమే బడులను నడిపిన ఊళ్లలో ఎలా ఉండేది?

విఫలమవుతున్నాయన్న కారణంతో న్యూజెర్సీ 1989లో జెర్సీ సిటీని, 1991లో పాటర్సన్‌ను, 1995లో న్యూఆర్క్‌ను, 2013లో కేమ్‌డెన్‌ను తన ఆధీనంలోకి తీసుకుంది. ఆ కాలంలో న్యూఆర్క్‌లో ఎన్నికైన సభ్యులు ఉన్నా వారిది సలహా పాత్రే, సూపరింటెండెంట్‌ను పంపేది రాష్ట్రం. ఆ అధికారి పనితీరు నచ్చక జనం వీధుల్లోకి వచ్చినా బోర్డుకు తీసేసే అధికారం లేదు, జీతం మీద మాట లేదు. 2018 ఫిబ్రవరిలో అధికారం తిరిగి ఊరి చేతికి వచ్చింది, ఆ ఏడాదే బోర్డు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన రోజర్ లియోన్‌ను సూపరింటెండెంట్‌గా ఎంచుకుంది. రెండు దశాబ్దాలకు పైగా తరువాత ఊరు తానే చేసుకున్న మొదటి నియామకం అది. సంపన్నమైన శివారు ఊళ్లలో స్థానిక అధికారం అంటే జీతం అంకె మీద వాదన, న్యూఆర్క్‌లో అది ఎవరిని ప్రశ్నించాలో తెలియడం.

ఇతర రాష్ట్రాలు ఇలాంటి పరిమితి పెట్టాయా?

న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ కువోమో 2011లో విద్యార్థుల సంఖ్యను బట్టి పరిమితి ప్రతిపాదించారు, అది చట్టం కాలేదు. న్యూజెర్సీ అధికారులు కొందరు అటువైపు వెళ్లగలిగింది అందుకే.

మా డిస్ట్రిక్టు కాంట్రాక్టు తెచ్చుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముగింపు తేదీ వెతకండి. దాని నుంచి ఏడాదికి 30 రోజుల చొప్పున వెనక్కి లెక్కపెట్టి ఆ తేదీని రాసుకోండి. ఆ తేదీకి ఆరు నెలల ముందు జరిగే బోర్డు సమావేశంలో, ఈ ఏడాది సూపరింటెండెంట్ మదింపు పూర్తయిందా, పునర్నియామకంపై బోర్డు ఎప్పుడు చర్చిస్తుంది అని అడగండి. బోర్డు ఏటా కనీసం ఒకసారి మదింపు చేయాలని చట్టమే చెబుతోంది కనుక అది వారు జవాబివ్వాల్సిన ప్రశ్నే. మదింపు పత్రం మీకు చూపించకపోవచ్చు, జరిగిందో లేదో మాత్రం చెప్పగలరు. జవాబు అస్పష్టంగా వస్తే ఆ నెల మినిట్స్‌లో మీ ప్రశ్న నమోదైందో లేదో చూసి, వచ్చే నెల అదే ప్రశ్న మళ్లీ అడగండి.